కాజాలు లేని కోటు

పొద్దున్నే కుట్టు దుకాణం షట్టరు లేవగానే ఎవరి చోట్లో వాళ్ళు సర్దుకుంటారు. కిటికీ పక్కనున్న పెద్ద బల్ల కత్తెరక్కది. గుడ్డ మీద సుద్దతో గీత గీసి, ఊపిరి బిగబట్టి కత్తిరిస్తుంది. మూలన ఆవిరి కక్కే ఇస్త్రీపెట్టె బాబాయిది. ఇద్దరి మధ్యా ఎత్తు స్టూలు మీద కాజాలమ్మాయి కూర్చుంటుంది. నలభై దాటినా ఆ దుకాణంలో ఆమె అమ్మాయే. చొక్కా అయినా కోటు అయినా ఆమె చేత్తో కాజాలు కుడితే తప్ప గుమ్మం దాటదు. ఒకరి పని ఇంకొకరు ముట్టుకోకూడదన్నది అక్కడి పద్ధతి. ముట్టుకున్నవాళ్ళు కత్తెరక్క నోటికి దొరికిపోతారు.

రొమ్ములో గడ్డ తీసేసి, మందు ఎక్కించడం మొదలుపెట్టాక కూడా కాజాలమ్మాయి కాళ్ళీడ్చుకుంటూ పనికి వచ్చింది. మూడో విడత తర్వాత ఒక పొద్దున మంచం మీంచి లేవలేకపోయింది. ఆమె నీడ మాత్రం లేచింది. గోడకు చేరి ఒళ్ళు విరుచుకుని, తలుపు కింది సందులోంచి దూరి, మెట్లు దిగి దుకాణానికి వెళ్ళిపోయింది.

అక్కడ ఎవరూ వింతపడలేదు. "వచ్చావా, కూర్చో," అన్నాడు బాబాయ్. యజమాని కళ్ళజోడు సవరించుకుని చూసి, సూది పట్టడం లేదు కాబట్టి సగం రోజు హాజరే వేస్తానన్నాడు. కత్తెరక్క ఆయనకేసి ఒక చూపు చూసింది. సరేలే, పూర్తిగానే వేస్తానని ఆయన గొణుక్కుంటూ లోపలికి పోయాడు.

సాయంత్రాలు ఇద్దరూ నీడను వెంటబెట్టుకుని కాజాలమ్మాయి గదికి వచ్చేవాళ్ళు. కత్తెరక్క సూపు కాచేది. బాబాయ్ వాంతుల బేసిను కడిగి బోర్లించేవాడు. కాజాలమ్మాయి వాళ్ళను కూర్చోనైనా ఇచ్చేది కాదు.

"ఇవాళ అది ఏం చేసింది?"

"ఏం చేస్తుంది, కూర్చుంది. బాబాయ్ జోకుకి భుజాలు ఎగరేసి నవ్వింది."

"ఏ జోకు?"

"అదేనే, పెళ్ళికొడుకు ప్యాంటుది."

"వెయ్యిసార్లు విన్న జోకు! దానికి నవ్విందా?"

తన నీడ తను లేని చోట నవ్వుతోందంటే ఆమెకు కుళ్ళుగానూ ఉండేది, ముద్దుగానూ ఉండేది. ఎటు తిరిగి కూర్చుంటోంది? దానికీ జుట్టు ఊడిందా? ఆపరేషనైన వైపు, ఎడమ చెయ్యి పైకెత్తుతోందా? ఎత్తలేకపోతోందని కత్తెరక్క చెప్పింది. కొన్నాళ్ళకు వాళ్ళు నీడను ఇంటికి ఆలస్యంగా తీసుకురావడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

నాలుగో విడత ఆమెను పిప్పి చేసి వదిలింది. నోట్లో ఇనుము రుచి. వేళ్ళ కొసలు మొద్దుబారి, సూది పట్టుకున్నదీ లేనిదీ తెలియడం లేదు.

"ఇంక నా వల్ల కాదక్కా. మిగిలిన రెండూ మిగలనీ. మందు ఎక్కించే ఆ గది చలి తలుచుకుంటేనే, ఆ కుర్చీ గుర్తొస్తేనే వణుకొస్తోంది."

"మధ్యలో ఆపితే తిరగబెడుతుందని డాక్టరమ్మ చెప్పింది కదమ్మా," అన్నాడు బాబాయ్.

"చెప్పింది. అయినా వెళ్ళను."

కత్తెరక్క గిన్నె కడిగి పెట్టి వెళ్ళిపోయింది. ఆమె పోట్లాడకుండా వెళ్ళడం కాజాలమ్మాయి ఎన్నడూ చూడలేదు. భయం వేసింది.

ఐదో విడత రోజు పొద్దున నీడ దుకాణం వైపు వెళ్ళలేదు. ఆసుపత్రి దారి పట్టింది. స్నేహితులిద్దరూ సెలవు పెట్టి దాని వెనకే నడిచారు. మధ్యాహ్నానికి వాళ్ళిద్దరే తిరిగొచ్చారు. బాబాయ్ చంకలో ఒక మూట ఉంది.

"నా నీడేది?"

"కుర్చీలో కూర్చుంది, లేవనంటోంది," అంది కత్తెరక్క. "నర్సమ్మ చెయ్యి తడిమి చూసింది. నరం దొరకలేదు. మనిషిని తీసుకురండి, సాయంత్రం దాకా చూస్తానంది."

"ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమను."

"అది లేస్తే కదా ఇవ్వడానికి!"

బాబాయ్ మూట విప్పాడు. మందపాటి నీలం కోటు. సూది గుచ్చేందుకు వీలుగా కుడి చెయ్యి పొడవునా విప్పుకునే చీలిక. ఎత్తలేని చేతికోసం ఎడమ చంక దగ్గర వదులు. నీడను కొలిచి, దాచిదాచి కుట్టారు. కాజాలమ్మాయి కళ్ళు తుడుచుకుని తొడుక్కుంది. కోటు చేతులు మోకాళ్ళ దాకా వేలాడాయి. అంచు నేల ఊడ్చింది.

"కొలతలు ఎప్పుడు తీశారక్కా?"

"దుకాణం పనయ్యాక. కిటికీలోంచి ఎండ పడుతుంటే, నేల మీద పడుకోబెట్టి."

"సాయంత్రపుటెండలో నీడ కొలతలు తీశావా!"

కత్తెరక్క నోరు తెరిచింది, మూయడం మరిచిపోయింది. చేయి తిరిగిన కత్తెర ఆమెది. బాబాయ్ కిసుక్కుమన్నాడు. కాజాలమ్మాయి పొట్ట పట్టుకుని, మంచం మీద కూలబడి, దగ్గొచ్చేదాకా నవ్వింది. నవ్వు తేరుకున్నాక కోటు ముందు భాగం తడిమి చూసుకుంది.

"గుండీలున్నాయి. కాజాలేవి?"

"అవి మా పని కాదుగా," అంది కత్తెరక్క. "ఎవరం ముట్టుకోలేదు."

కాజాలమ్మాయి ఒక్కో గుండీ మీదా వేలు పెట్టి లెక్కపెట్టింది. "సూదీ దారం తీసుకోండి," అంది చివరికి. "అదక్కడ ఏం చేస్తోందో చూడాలి."

నీడ కుర్చీలో వెనక్కి వాలి, వచ్చేపోయేవాళ్ళను వినోదంగా చూస్తోంది. "లేవవే," అంది కాజాలమ్మాయి. అది లేవలేదు. కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఆమెను బాబాయ్ ఒక పక్క, కత్తెరక్క ఒక పక్క పట్టుకున్నారు. ఆమె కూర్చోగానే నీడ ఆమె కిందికి సర్దుకుంది. నర్సమ్మకు ముంజేతిలో నరం వెంటనే దొరికింది.

మందు చుక్కలు పడుతుండగా కత్తెరక్క దారం ఎక్కించి ఇచ్చింది. బాబాయ్ గుడ్డ బిగించి పట్టుకున్నాడు. మొద్దుబారిన వేళ్ళతో కాజాలమ్మాయి మొదటి కాజా కుట్టింది.

"వంకరగా ఉంది," అంది కత్తెరక్క.

"తెలుసు. ఊడదీసి మళ్ళీ కుడతా."

"ఇప్పుడా?"

"కాదు. ఆరో విడతకి వచ్చినప్పుడు."

కత్తెరక్క అటు తిరిగి ముక్కు చీదుకుంది. ఆరో విడతా అయింది. జుట్టు చెవుల దాకా వచ్చింది. పరీక్షల్లో గడ్డ జాడ లేదు. చలికాలంలో ఆ కోటు చేతులు మడిచి వేసుకుని ఆమె మళ్ళీ తన స్టూలు మీద కూర్చుంటోంది. ఆ మొదటి కాజా మాత్రం ఇంకా వంకరగానే ఉంది. ఊడదీయబోయిన ప్రతిసారీ నీడ చెయ్యి అడ్డం పెడుతుంది.