దూతకి వండని గోధుమలు

పంచదార ఇంకొంచెం ఉంటే బాగుండును, కానీ అడగకూడదు, ఆ కాస్త పంచదార కోసమే స్తోయ తన ఉన్ని శాలువా ఎవరికో ఇచ్చేసి వచ్చింది, ఇప్పుడు భుజాల మీద గోనెపట్టా కప్పుకుని ఉడికిన గోధుమల్ని రోట్లో దంచుతోంది, అక్రోటు కాయలు కొట్టడం సావ్క పని, పగిలిన పప్పులో ఒక ముక్క నోట్లో వేసుకున్నా స్తోయ ఏమీ అనదు, అసలెప్పుడూ ఏమీ అనదు, అదే సావ్కకి భయం, అనాథాశ్రమంలో ఆయమ్మ పొద్దస్తమానం తిట్టేది, తిట్టేవాళ్ళతో బెంగ లేదు, మంచివాళ్ళతోనే చిక్కు, ఏదో ఒకరోజు పరీక్షగా చూసి, అయ్యో పిల్లా, నువ్వు మా సావ్కవి కాదే, పద, నిన్ను మళ్ళీ దింపేసి వస్తాను అంటే ఏం చేస్తుంది, ఎక్కడికి పోతుంది.

సావ్క అంటే పలకడం ఇప్పటికి అలవాటయింది, ఆశ్రమంలో నేవెన్క అనేవారు, అంతకు ముందు ఇంకేదో పేరు ఉండే ఉంటుంది, సైనికులు కొండల్లోంచి అందరినీ తోలుకొచ్చి తల్లుల్ని ఒక రైలుకీ పిల్లల్ని ఇంకో రైలుకీ విడగొట్టినప్పుడు ఎవరో మెడలో అట్టముక్క కట్టారు, పేరు దాని మీదే ఉంది, ఆకలికి దాన్ని నమిలి మింగేసింది, తనొక్కతే కాదు, అందరూ తిన్నారు, పక్కన పడుకున్న పిల్లాడు తనది అయిపోగొట్టి సావ్కది కూడా ఓ మూల కొరికాడు, జిగురుగా ఉండేది, రుచీ పచీ లేదు, తన పేరు తానే తినేసిన పిల్లని ఇంత లోకంలో వెతికి పట్టుకోవడం ఏ తల్లి తరం.

అమ్మ ముఖం మాత్రం ఎంత కళ్ళు మూసుకున్నా రాదు, చెయ్యి వస్తుంది, బయట మంచు, లోపల ఇంటినిండా చుట్టాలు, బల్ల మీద కొవ్వొత్తి, ఇలవేల్పు పునీతుడి పండగ, ఏ పునీతుడో ఏం తెలుసు అప్పుడు, చెక్క చెంచాతో తియ్యటి గోధుమ ముద్ద నోటికి అందించే చెయ్యి, నెమ్మదిగా నమలవే తల్లీ, గొంతుకి అడ్డం పడుతుంది, అంతే, ఆ ఒక్క మాటే మిగిలింది, ఆ గొంతు స్తోయ గొంతేనా, అవుననుకుంటే అవును, కాదనుకుంటే కాదు, రాత్రిళ్ళు పక్కలో పడుకుని ఆమె దగ్గితే కూడా చెవులు రిక్కించి వింటుంది, దగ్గులో ఏం తెలుస్తుంది పిచ్చిగాకపోతే.

యుద్ధం అయిపోయాక ఆశ్రమానికి తల్లులు బళ్ళ మీద వచ్చేవారు, పిల్లల జుట్టు పైకెత్తి మచ్చలు చూసేవారు, చెవుల వెనక చూసేవారు, తమది కాదని తేలగానే చెయ్యి వదిలేసి పక్క పిల్ల దగ్గరికి పోయేవారు, స్తోయ ఒక్కతే మచ్చలేవీ వెతకలేదు, ఎదురుగా నేల మీద కూర్చుని, మీ ఇల్లు ఏమైనా గుర్తుందా బంగారం అంది, గోధుమలు, పండగనాడు అమ్మ చెంచాతో పెట్టేది అని చెప్పింది తను, స్తోయ ముఖం పాలిపోయింది, ఈమె కూడా లేచి పక్క పిల్ల దగ్గరికి పోతుంది అనుకుంది తను, పోలేదు, ఒళ్ళోకి లాక్కుని ఇది నా పిల్లే అంది, బండిలో దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది, ఊళ్ళోకి రాగానే పొరుగింటి ముసలి బోసిల్క పిల్ల గడ్డం పట్టుకుని తిప్పి చూసి, అచ్చం నీ ముక్కేనే స్తోయా, కన్నపేగు ఊరికే పోతుందా అంది, ఆ తర్వాత తను నీళ్ళ బకెట్‌లోకి వంగి ఎన్నిసార్లు చూసుకుందో ఆ ముక్కుని.

అయినా అమ్మా అనడానికి మాత్రం నోరు రాదు, ఇదిగో అనీ వస్తున్నా అనీ నెట్టుకొస్తోంది, ఎక్కడో ఇంకో అమ్మ బతికుంటే, ఈమెని అమ్మా అన్న క్షణాన ఆమె మీద మట్టి పోసినట్టు కాదూ, అందుకే ఈ ఇంటి ఇలవేల్పు మిఖాయిలు దూత పండగ కోసం ఇన్నాళ్ళు కాచుకుంది, అదే చెంచా, అవే గోధుమలు, నోట్లో పెట్టుకోగానే ఆ చెయ్యి ఈ చెయ్యేనని తెలిసిపోవాలి, తెలిస్తే ఇంక దిగులుండదు.

బోసిల్క వచ్చింది, గుమ్మంలోనే శిలువ గుర్తు వేసుకుని, పండగ శుభమా అని బల్ల మీదికి చూసి నోరు తెరిచేసింది, ఏమే స్తోయా, మిఖాయిలు దూతకి గోధుమలేంటే, ఎప్పుడు పోయాడే పాపం, నాకు కబురైనా పెట్టలేదు, గోధుమలు వండేది చచ్చిపోయిన పునీతులకి, దూతకి చావేంటే, నేను కాపరానికొచ్చింది మొదలు ఈ ఇంట్లో వండగా చూళ్ళేదు, మీ అత్త బతికుంటే ఆ రోకలితోనే నీ వీపు విమానం మోత మోగించును, స్తోయ తలెత్తకుండా గిన్నె సర్దుతూ, నా పిల్లకి ఇష్టం పిన్నీ, తింటే తిను, లేకపోతే మానెయ్ అంది, నోట్లో నువ్వుగింజ నానని బోసిల్క పిల్ల వంక చూసి, స్తోయ వంక చూసి, కిక్కురుమనకుండా చెంచా అందుకుంది.

ఎప్పుడూ వండలేదు, ఈ ఇంట్లో ఎప్పుడూ, అంటే ఆ చెయ్యి ఇక్కడిది కాదు, ఆ కొవ్వొత్తి ఇంకెవరి ఇంటిదో, అమ్మ ఇంకెక్కడో ఉంది, ఉందో లేదో, అయిపోయింది, ఇంక ఆశ్రమానికి బండి కడతారు, కాదు, ఆగు, ఆ రోజు తను గోధుమలు అనగానే స్తోయ ముఖం ఎందుకలా పాలిపోయింది, ఆ మొదటి మాటకే తెలిసిపోయింది ఆమెకి, తెలిసీ లేవలేదు, తెలిసీ ఒళ్ళోకి లాక్కుంది, బండిలో ఏడ్చింది సంతోషంతో కాదు, తన సావ్క కోసం వెళ్ళి ఎవరి పిల్లనో వెంట తెచ్చుకుంటూ సావ్క కోసం ఏడ్చింది, ఈమె తెలుసుకోవాల్సిన నిజం ఇంకేమీ లేదు, పంపెయ్యాలనుకుంటే ఆనాడే వదిలేసేది, శాలువా వదులుకుని ఊరంతా నవ్వేలా దూతకి గోధుమలు వండేది కాదు, తన అమ్మ ఎక్కడుందో, ఉంటే ఒట్టి చేతులతో కూర్చోకూడదు, ఎవరి పిల్లో ఒకతె ఆమె పక్కన ఉండాలి, ఏమో, ఆ అసలు సావ్కే ఉందేమో, స్తోయ చెంచా నోటి దాకా తెచ్చింది, ఇది ఆ చెయ్యి కాదు, కాదని ఇద్దరికీ తెలుసు, తియ్యదనం కాస్త తక్కువగానే ఉంది, తను నెమ్మదిగా నమిలి మింగింది, అమ్మా, ఇంకొంచెం పెట్టు, అంది.