సైరను తాళం

"రైడు వస్తాంది, మూటలు మేడెక్కించండప్పా" అని షావుకారు జయచంద్ర గోదాము వాకిట్లోంచి కేకేస్తే, మగ్గం నేస్తున్న మా వీధి పెద్దప్పకు అది రైలు అని వినిపించింది.

ఇందులో పెద్దప్ప తప్పు లేదు. ధర్మవరంలో ఏటి ఒడ్డునున్న మా మగ్గాల వీధిలో అందరికీ సగం చెవుడే. పుట్టినప్పటి నుంచి టకటకల మధ్య పెరిగిన చెవుల్లోకి ఏ మాటా పూర్తిగా దూరదు. "రైలు మేడెక్కేదేందప్పా, మెట్ల మీద పట్టాలేసినారా?" అన్నాడు పెద్దప్ప. వీధంతా నవ్వింది. షావుకారూ నవ్వాడు. ఆ నవ్వును మేము ఈనాటికీ మరిచిపోలేదు. ఏమి రాబోతోందో ఆ క్షణంలో తెలిసినవాడు ఆయనొక్కడే.

రైలు కాదు, రైడు, పన్నులోళ్లు తనిఖీకి వస్తున్నారు, పట్టు మూటలన్నీ కింది గోదాములోంచి మేడ మీదికి చేరాలి అని ఆయన విడమరిచి చెప్పాడు. మేము మగ్గం గుంతల్లోంచి కాళ్లు బయటికి లాక్కుని లేచాం. ఎందుకని అడిగే అలవాటు మా వీధికి లేదు. పడుగు ఇచ్చేది షావుకారు, పేక ఇచ్చేది షావుకారు. ఆయన పిలిస్తే పేక దూర్చే నాడెను ఉన్నచోటే వదిలేసి వెళ్లి మోయడం మా తాతలనాటి ఆనవాయితీ. మోతకు కూలి అడిగినవాడు లేడు. "చేతినిండా పట్టే, బతుకులోనే ఏ పట్టూ లేదు" అనేవాడు పెద్దప్ప.

ఒంటిగంట దాటాక మొదలుపెట్టాం. పెద్దప్ప ఒక్కడే పదకొండు మూటలు ఎక్కించాడు. మూడు గంటలకు ఆఖరి మూట మేడ మీద దింపి చెమట తుడుచుకుంటున్నాం. అప్పుడు మా నెత్తిమీదే, ఆ మేడ కొసనున్న వరద సైరను మోగింది.

పిట్టగోడ మీదుగా కిందికి చూశాం. ఎర్రమట్టి నీళ్లు వీధి మొదట్లో ఉన్నాయి. షావుకారు పట్టు పైన ఉంది. మా పిల్లలు, ముసలివాళ్లు కింద ఉన్నారు.

గుంతమగ్గాల ఇళ్లలో వరద వీధి దాటి గుమ్మమెక్కేదాకా ఆగదు. ముందు ఇంట్లో గుంతలో ఊరుతుంది, తర్వాత గోడ కాళ్లు నానుతాయి. పెద్దప్ప పరుగెత్తి ఇంట్లోకి దూకి, మంచాన ఉన్న తల్లిని ఎత్తి కిటికీలోంచి భార్య రామక్క చేతికి అందించాడు. తాను బయటికి వచ్చేలోపే గోడ కూలింది. మర్నాడు నీళ్లు తగ్గాక ఆయన్ను మగ్గం గుంతలోనే తవ్వి తీశాం. నలభై ఏళ్లు కాళ్లు పెట్టుకుని కూర్చున్న గుంత అది.

పదకొండో రోజు కర్మ అయ్యాక వీధంతా బడి వరండాలో కూర్చుంది. అప్పుడు గోదాము వాచ్‌మన్ సాబ్జాన్ వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. రామక్క ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"రైడు గాదక్కా" అన్నాడు. "ఏరు."

సాబ్జాన్ ఒక్కొక్క ముక్కా చెప్పాడు. ఒంటిగంటకు నీటిపారుదల ఆఫీసు నుంచి గోదాముకు ఫోను వచ్చింది. పైన ఏరు పెరిగింది, నీళ్లు రెండు గంటల్లో మీ వీధికి వస్తాయి, సైరను కొట్టు అన్నారు. సైరను పెట్టె తాళం సాబ్జాన్ చేతిలోనే ఉంది. షావుకారు ఆ తాళం లాక్కుని జేబులో వేసుకున్నాడు. ఆఖరి మూట మేడెక్కాకే తిరిగిచ్చాడు.

"కొడితే అందరూ ఇండ్లకు పరిగెత్తుతారు, మూటలు మోసేదెవురు అన్న్యాడు."

"నీ నోరేమాయె సాబ్జానూ?" అని రామక్క అడిగింది. గొంతు పెంచలేదు.

"నా నోట్లో ఆయప్ప కూడుండెనక్కా."

మగ్గం వడ్రంగి ఆదినారాయణ లేచి, ఈ పొద్దే గోదాము తగలబెడదామన్నాడు. సగం మంది అతనితో పాటు లేచారు. కొందరు సాబ్జాన్ మీదికే పోయారు. ఆఫీసరు దగ్గరికి పోదామన్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను చూసి, ఆఫీసరు షావుకారు ఇంట్లోనే భోంచేస్తాడని మిగతావాళ్లు ఎగతాళి చేశారు. చాలాసేపు ఎవరి మాట ఎవరికీ వినిపించలేదు.

రామక్క చెయ్యెత్తింది.

"అగ్గి పెడితే ఒగ దినంలో అయిపోతాది. నాకంత అగ్గువ బదులు వద్దు. ఏరు మళ్లా వస్తాది. వచ్చినబుడు మన మనుషులు పైన ఉండల్ల. ఆయప్ప మూటలు కిందుండల్ల. ఆయప్ప రెండు కండ్లతో చూడల్ల."

సాబ్జాన్‌ను ఏం చేయాలని అడిగారు. "ఆ తాళం యాడ పెడతారో, సైరను ఎట్ల మోగుతాదో తెలిసినోడు వాడొగడే. మనతోనే ఉండనీ" అంది.

చీరల డిజైన్లు గీసే సుమలత ఆ మాటను పట్టుకుంది. మర్నాడే ఆఫీసుకు వెళ్లి, నీటి లెక్క మాకూ చెప్పండని అడిగింది. నీకెందుకమ్మా అన్నారు. ఆమె బస్సెక్కి ఏటి వెంట పైకి వెళ్లి, ఆనకట్ట దగ్గర స్కేలు చూసే ఇనాయతుల్లాను పట్టుకుంది. అతను దాచలేదు. కర్ణాటకలో వాన పడితే ఏరు పెరుగుతుంది. ఆనకట్ట గోడ మీద గీసిన అడుగులను అతను గంటగంటకూ చూస్తాడు. ఎనిమిది అడుగులు దాటితే ఆఫీసుకు ఫోను, ఆఫీసు నుంచి సైరను ఉన్నచోటికి ఫోను. అక్కడి నుంచి నీళ్లు ధర్మవరం చేరడానికి రెండు గంటలు. "నేను చెప్పేది చెప్తానే ఉండా. ఆడ మీకు చెప్పేటోళ్లు చెప్పల్ల గదా" అన్నాడు. పెద్దప్ప సంగతి విన్నాక సుమలత నంబరు రాసుకున్నాడు.

ఆమె డిజైను గళ్ల కాగితం మీద ఏటిని గీసి బడి గోడకు అతికించింది. ఒక గడి ఒక అడుగు. నెమళ్లు, మామిడి పిందెలు గళ్లల్లో లెక్కపెట్టి నేసేవాళ్లం, మాకు ఆ కాగితం అర్థం కావడానికి ఆఫీసరు అక్కర్లేకపోయింది. ఎనిమిదో గడికి ఎర్ర రంగు పూసింది. నడవలేనివాళ్లు ఏ ఇంట్లో ఎంతమంది, ఒక్కొక్కరిని ఎవరు ఎత్తుకోవాలి అన్నది కింద రాసింది.

ఇక సైరను. షావుకారు మేడ మీదినుంచి బడి మీదికి మార్చమని రెండు అర్జీలు పెట్టాం. కరెంటు పోతే ఇన్వర్టరు ఉన్నది షావుకారు దగ్గరే అని జవాబు వచ్చింది. సారు సరే అంటేనే సైరను అన్నమాట. మూడో అర్జీని సుత్తితో పెట్టాం. పట్టపగలు పదింటికి, మగ్గాలన్నీ ఆపి, నూట యాభై మంది మేడెక్కి తాళం పగలగొట్టాం. సాబ్జాన్ తీగలు విప్పాడు. సాయంత్రానికి సైరను బడి మీద ట్రాక్టరు బ్యాటరీతో మోగింది. చిన్న కూతలు వస్తే సిద్ధం కమ్మని. పొడుగు కూతలు వస్తే కదలమని. ఆపకుండా మోగితే ఎవరో చిక్కుకున్నారు, అందరూ ఇక్కడికి రమ్మని.

మరుసటి ఏడు ఆశ్వయుజంలో, పొద్దున ఎనిమిదింటికి ఇనాయతుల్లా ఫోను చేశాడు. ఎర్ర గడి దాటింది. సైరను పొడుగు కూతలు కూసింది, అరగంటలో వీధి ఖాళీ అయింది. పెద్దప్ప తల్లిని ఈసారి సాబ్జాన్ భుజాన ఎత్తుకుని బడి మేడ ఎక్కించాడు.

షావుకారు గోదాములో పెళ్లిళ్ల సీజను పట్టంతా కిందే ఉంది. ఆయన బడి దగ్గరికి పరుగెత్తుకొచ్చి మొదట పేర్లు పెట్టి పిలిచాడు. తర్వాత తిట్టాడు. ఆ తర్వాత చేతులు జోడించాడు. మా వీధిలో ఆయన చేతులు కలవడం అదే మొదటిసారి.

"ఇంకా గంటకు పైనే ఉండాది గదప్పా, ఒగ చెయ్యెయ్యండి" అన్నాడు.

"సైరను నీకు ఇనపడెనా?" అంది రామక్క.

"ఇనపడెనమ్మా."

"మా ఇంటాయప్పకు ఇనపల్లేదు. నీకు కొట్టినాం, పానం తెచ్చుకుంటివి. ఆడికి సరి, మా బాకీ లేదు. మూటల సైరను వేరే ఉంటే నువ్వే కొట్టుకో పో."

ఒక్క చెయ్యీ లేవలేదు. పదింటికి ఏరు గోదాము గుమ్మం దాటింది. కాసేపటికి నీళ్లు రంగు మారాయి. అరటాకు పచ్చ, పసుపు, రాణీరంగు పాయలు పాయలుగా విడిపోయి మా వీధిలోకి పారాయి. అదంతా మా వేళ్లు దాటి పోవలసిన పట్టు. అయినా ఎవరూ ముఖం తిప్పుకోలేదు. షావుకారు తన మేడ మీద నిలబడి చూశాడు. ఆయన్ను మేము చూశాం. రామక్క మధ్యాహ్నం దాకా చూసింది.

గుంతలు ఆరి మగ్గాలు మళ్లీ మొదలైన మూడో రోజు పోలీసు వ్యాను వచ్చింది. తాళం పగలగొట్టారని, సైరను ఎత్తుకుపోయారని షావుకారు పెట్టిన కేసు. సుమలతనూ సాబ్జాన్‌నూ ఎక్కించి, ఎస్సై తలుపు వేయించాడు. వ్యాను వీధి మలుపు తిరగలేదు, బడి మీద సైరను అందుకుంది. ఆగకుండా మోగింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఒక కానిస్టేబులు దూకి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ఏటి వైపు చూశాడు.

"ఏమ్మా, మళ్లా ఏరొస్తోందా?" అని ఎస్సై మేడ మీదికి అరిచాడు.

మీట మీద వేలు తీయకుండా రామక్క కిందికి వంగింది. అప్పటికే మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నాడెలు చేతుల్లో పట్టుకునే జనం ప్రతి సందులోంచీ వచ్చి వ్యాను ముందు, వెనక, చక్రాల దగ్గర కూర్చుంటున్నారు. పై వీధులవాళ్లు కూడా దిగి వస్తున్నారు.

"ఏరు గాదు సారూ" అంది రామక్క, అందరికీ వినిపించేలా. "ఊరు."