అమ్మ పథ్యం

"అమ్మకు పెట్టినావా?"

బండికి స్టాండు వేస్తూ విజయభాస్కర్ అడిగే మొదటి మాట అదే. సువర్ణ చేతిలో గిన్నె కళ్లెదురుగా కనబడుతున్నా అడుగుతాడు. వాళ్లమ్మ ఓబుళమ్మ మంచాన పడి ఉన్న రెండేండ్లూ అట్లే అడిగాడు. ఆమె పోయి ఆరు నెలలు దాటింది. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

సువర్ణ వంటింటి గట్టు మీద గోరువెచ్చని నీళ్లలో నానిన గుళికల్ని చెంచాతో మెదుపుతోంది. వేడెక్కువైతే అది ముట్టదు. చల్లారితే వాసన రాదు, వాసన రాకపోతే అసలే ముట్టదు. వేలు ముంచి చూసుకుంది. హాల్లో కిటికీ కింద అత్తగారి నులకమంచం ఉంది. దాని మీద ఒక బూడిదరంగు పిల్లి ముందుకాళ్లు ముడుచుకుని, వంటింటి గుమ్మాన్నే చూస్తూ కూర్చుంది.

"పెడతాండా," అంది సువర్ణ.

"ఇంగా పెట్టలేదా? పాపం, ఎంతసేపట్నుంచి చూస్తాందో." అతను మంచం దగ్గరికి పోలేదు. గుమ్మంలోంచే, "తినమ్మా, తిను," అని చెప్పి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

ఆ పిల్లి అమ్మ ఎట్లయిందో సోమందేపల్లెలో ఎవరినడిగినా చెబుతారు. పెద్దదినం నాడు ఊరవతల సమాధి దగ్గర ఆకు పరిచి ఓబుళమ్మకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి, అలసంద వడలు, నాటుకోడి పులుసు. కాకి రాలేదు. వరసగా వానల్లేక చెట్లన్నీ మోడుబారిన ఆ గుట్ట కింద కాకులకు మాత్రం ఏం పని? ఎండలో చేతులు కట్టుకుని నిలబడిన పెద్దలు, "ఏం కోరికుండాదో చెప్పు తల్లీ, కొడుకు తీరుస్తాడు," అంటూ ఒక్కో మాటే ఇస్తూ పోయారు. నీ కూతుర్ని బాగా చూసుకుంటాడన్నారు. సమాధికి బండలు పరిపిస్తాడన్నారు. ఆకాశంలో ఒక్క రెక్కా కదల్లేదు. అప్పుడు వచ్చింది ఈ పిల్లి, బండల సందులోంచి. కోడి పులుసు వాసన చూసి పక్కకు జరిగింది. వడల్ని దాటింది. ఆకు చివర ఒక పిడికెడు అన్నం ఉంది, ఉప్పు లేనిది. దాన్ని వడ్డించమని ఎవరూ చెప్పలేదు. రెండేండ్లుగా అత్తగారి పథ్యానికి ఉప్పు వెయ్యకముందే ఒక పిడికెడు పక్కకు తీసిన సువర్ణ చెయ్యి, ఆరోజు కూడా అలవాటుగా తీసింది, తెచ్చింది, ఆకులో పెట్టింది. పిల్లి అది తినింది. అదొక్కటే తినింది.

"ఓబుళమ్మక్కే!" అని గుంపులో ఎవరో కేక పెట్టారు. విజయభాస్కర్ ఆ మట్టిలోనే కూలబడి ఏడ్చాడు.

పిల్లి ఎవరి వెంటా రాలేదు. అయినా ఇంటికొచ్చి సువర్ణ తాళం తీసేసరికి అది మంచం మీద ఉంది. కిటికీ తెరిచే పోయినాం కదా, అనుకుంది సువర్ణ. కిటికీ తెరిచి పోయిన గుర్తు మాత్రం ఆమెకు లేదు.

ఆ రోజు పొద్దున, దినం వంటలకు పొయ్యి వెలిగిస్తున్నప్పుడు, ఎవరికీ చెప్పుకోలేని ఆలోచన ఒకటి ఆమె మనసులో మెదిలింది. ఇంక మళ్లీ పనికి పోవచ్చు. హైవే పక్కన గార్మెంట్స్ ఫ్యాక్టరీలో ఆమె కొత్తగా చేరిన ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. కాలర్ తిప్పడం, జేబు అతకడం, మిషను మీద భయం పోగొట్టడం. అక్కడ ఆమెను అందరూ మేడమ్ అనేవాళ్లు. అత్తగారి కిడ్నీలు చెడిపోయాయని తెలిసిన వారమే మానేయాల్సి వచ్చింది. "నువ్వు పోతే అమ్మనెవరు చూస్తారు? నర్సును పెడితే ఊళ్లో మనల్నేమనుకుంటారు?" అన్నాడు భర్త. 'మనల్ని' అంటే ఎవరినో ఆమె అడగలేదు. బోరుమోటార్లకు వైండింగ్ చేసే అతని షాపు ఆ రెండేండ్లలో ఒక్క పూట మూతపడలేదు. నిద్రపోతున్న తల్లి ముఖాన్ని గుమ్మంలోంచి చూసి, పెట్టినావా అని అడిగితే కొడుకు పని అయిపోయేది.

మంచం మీద పిల్లిని చూసిన ఆ క్షణంలో, పొద్దున మెదిలిన ఆలోచన చప్పుడు లేకుండా ఆరిపోయింది.

కొన్నాళ్లకు పిల్లి నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ట్యాంకరు వస్తే నింపిపెట్టుకునే డ్రమ్ము మీదికెక్కి, తల లోపలికి వంచి, ఎంతసేపైనా తాగేది. తెల్లవారుతుండగా కక్కేది. సువర్ణ గుడ్డ తీసుకుని తుడుస్తూ ఆగిపోయింది. ఓబుళమ్మదీ ఇదే వేళ, ఇదే తీరని దాహం. హిందూపురంలో పశువుల డాక్టరు దగ్గరికి బండి మీద పోయారు, బుట్ట సువర్ణ ఒళ్లో. డాక్టరు నెమ్మదైన మనిషి. చీటీ రాస్తూ పేరడిగాడు.

"ఓబుళమ్మ," అన్నాడు విజయభాస్కర్.

డాక్టరు నవ్వలేదు. రాసుకున్నాడు. రక్తం తీసి పరీక్ష చేసి, సువర్ణకు కంఠతా వచ్చిన మాటలే చెప్పాడు. కిడ్నీలు దెబ్బతిన్నాయి. క్రియాటినిన్ పెరిగింది. ఉప్పు, భాస్వరం తక్కువుండే తిండి, మాంసకృత్తులు కొలిచి కలిపిన తిండి పెట్టాలి. బెంగళూరు నుంచి తెప్పించిన సంచీ ఒకటి బల్ల మీద పెట్టాడు. "ఇది తప్ప ఏమీ వద్దమ్మా. పాలొద్దు, ఎండుచేప వద్దు. ఒకేసారి మార్చేయకుండా ఇప్పుడు తినేదాంట్లో కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చెయ్యండి. ఆకలైతే అదే తింటుందిలే అని మాత్రం వదలొద్దు. పిల్లి పస్తుంటే కాలేయం చెడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది. ఇది జబ్బు నయం చేసే తిండి కాదు. ఉన్నన్నాళ్లు బాధ తగ్గిస్తుంది."

"ఎన్నాళ్లుంటుంది సార్?" అని సువర్ణే అడిగింది.

"బాగా చూసుకుంటే ఏండ్లు," అన్నాడు డాక్టరు, మంచిమాట చెబుతున్నట్టు.

బాగా చూసుకోవడం ఆమెకు వచ్చు. వచ్చిన పనికి సెలవుండదు. తెల్లవారి మాత్ర, నానబెట్టడం, వెచ్చబెట్టడం, ముట్టకపోతే వేలికి రాసి నోటికి అందించడం, ఇసుక మార్చడం, నీళ్లు మార్చడం. ఫ్యాక్టరీ బస్సు వీధి చివర ఆగినప్పుడు కిటికీల్లోంచి పాత స్నేహితులు కేకలేసేవాళ్లు. "ఏం సువర్ణా, అత్త నిద్ర లేసిందా?" "ఈసారన్నా నీకు నగలు రాసిస్తాదేమో అడగమ్మే!" ఆమె కూడా నవ్వేది. అనంతపురం హాస్టల్లో డిగ్రీ ఆఖరి ఏడాది చదివే కూతురు గౌతమి ఒక్కతే నవ్వేది కాదు. "అమ్మా, అది పిల్లి," అనేది ఫోన్లో. "అవునే, పిల్లే," అనేది సువర్ణ. మంచం మీద నుంచి అది వింటూ ఉండేది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. గుట్ట మీద గాలిమరలు తిరుగుతున్నాయి గానీ ఇంట్లోకి గాలి రావడంలేదు. మూడోసారి వెచ్చబెట్టిన గిన్నెను పిల్లి మళ్లీ ముక్కుతో తోసేసింది. సువర్ణకు ఒళ్లు మండింది. "ఏం అత్తమ్మా, సప్పగా ఉండాదా?" అంది ఎగతాళిగా.

పిల్లి తల తిప్పింది. నోరు తెరిచింది. అరుపు రాలేదు. ఓబుళమ్మ కూడా చివరి నెలలో అట్లే నోరు తెరిచేది, మాట వచ్చేది కాదు. ఏం కావాలో కోడలే పోల్చుకోవాలి. నీళ్లా, పక్కకు తిప్పడమా, వీపు రుద్దడమా. సువర్ణ చెయ్యి ఆమె ప్రమేయం లేకుండా పోయి పిల్లి వీపు రుద్దింది. బొచ్చు కింద వెన్నుపూసలు ఒక్కొక్కటీ తగిలాయి. ఆ వెన్ను ఆమె చేతికి తెలుసు. మాట పడిపోకముందు అత్తగారు ఒకసారి, ఇట్లే వీపు రుద్దించుకుంటూ అన్న మాట చెవిలో మోగింది. "మా యత్తకు నేను ఉచ్చా దొడ్డీ ఎత్తిపోసినా. నాకు నువ్వు ఎత్తిపోస్తాండావు. రేపు నీకెవరు ఎత్తిపోస్తారో ఏమో." అది శాపమో, జాలో ఆమెకు అప్పుడు అర్థం కాలేదు. పిల్లి రెప్ప వాల్చకుండా చూస్తోంది. సువర్ణకు భయమేసింది. అది అత్తగారని కాదు. ఇది పోయిన రోజున కూడా తాళం తీసేసరికి ఆ మంచం మీద ఇంకేదో కూర్చుని ఉంటుందని.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ నుంచి పాత స్నేహితురాలు అంజలి ఫోన్ చేసింది. "అక్కా, సోమవారం కొత్త కుట్టు లైను మొదలుపెడతాండారు. నేర్పేదానికి నీ పేరు చెప్పినా. మేనేజర్ సరేనన్నాడు. ఈసారి గూడా రాకుంటే నేనింగ నోరెత్తలేను, చెబుతాండా."

"వస్తా," అంది సువర్ణ. ఫోన్ పెట్టేశాక, వస్తానని చెప్పింది తానేనా అనుకుంది.

ఆదివారం నల్లమాడ నుంచి ఆడబిడ్డ వచ్చింది. పేరే పెద్దక్క. విజయభాస్కర్ కంటే పెద్దది, మాటా పెద్దదే. మామిడిపండ్ల సంచీ గుమ్మంలో దించి తిన్నగా మంచం దగ్గరికి పోయి పిల్లిని తడిమింది.

"చిక్కిపోయిందే. ప్యాకెట్టు తిండి పెడితే ఇట్లనే అయితాది. అమ్మకు గూడా ఉప్పు ల్యాకుండా, కూరగాయలు ఉడకేసి నీళ్లు పారబోసి పెట్టి పెట్టి బలం తీసేస్తివి సువర్ణా."

"డాక్టరు చెప్పినట్లు పెట్టినా వదినా."

"డాక్టరు చెబుతాడు. చేసే చేతిలో ఉండాల్ల."

సువర్ణ కాఫీ గ్లాసులు ఇద్దరి ముందూ పెట్టింది. నిలబడే చెప్పింది. "రేప్పొద్దున్నుంచి నేను ఫ్యాక్టరీకి పోతాండా."

విజయభాస్కర్ గ్లాసు దించలేదు. "అమ్మనెవరు చూస్తారు?"

"నువ్వు చూడప్పా. షాపుకు పొయ్యేముందర ఒకసారి, వచ్చినాక ఒకసారి. మధ్యాన్నానికి నేను కలిపిపెట్టి పోతా."

"నాకెట్ల చేతనైతాది ఇవన్నీ?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. కాసేపు ఆలోచించి, ఉదారంగా ఒక దారి చూపించాడు. "సరే, పోతే పో. గౌతమికి పరీక్షలైపాయె గదా. ఇంగ హాస్టల్ ఏంటికి? పైచదువులు ఇంటికాడుండి గూడా ప్రైవేటుగా కట్టుకోవచ్చు. పిలిపిచ్చు. అవ్వను అది చూసుకుంటాది. ఆడపిల్ల, రేపు అత్తారింట్లో గూడా పనికొస్తాది."

 కుట్టుమిషను కింద గుడ్డ జరిగినట్టు, ఆ మంచం ముందుకు ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు జరుగుతూ రావడం సువర్ణకు కనిపించింది. అప్పుడు నోట్లోంచి ఆ అబద్ధం వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు.

"అత్తమ్మ కలలోకొచ్చింది."

ఇద్దరూ తలెత్తారు.

"మంచం మింద లేసి కూసోనుంది. 'కోడలి చేతి బువ్వ చాలు. ఇంగ నా కొడుకు చేత్తో తింటా,' అనింది."

విజయభాస్కర్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. అక్క వైపు తిరిగాడు, కొట్టిపారేస్తుందని. "చూడుక్కా, పనికి పోవల్లని కల గూడా కనిందంట."

పెద్దక్క గ్లాసు కింద పెట్టింది. కాఫీ తొణికింది. ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"నాకూ వచ్చింది రా," అంది. "శుక్రవారం తెల్లారుజామున. అదే మాట. నా కొడుకు చేత్తో తింటా, అని. నీకు చెప్పల్లనే ఈపొద్దు బస్సెక్కినా."

 పిల్లి మంచం దిగి, విజయభాస్కర్ కాళ్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఎన్నడూ లేనిది. అతను కాళ్లు వెనక్కు తీసుకున్నాడు.

సాయంత్రం బస్సుకు సాగనంపుతూ, వీధి చివర సువర్ణ ఉండబట్టలేక అడిగింది. "వదినా, నిజంగానే వచ్చిందా?"

"దేవుని మింద ఒట్టు. వాని ముందర చెప్పలేదు గానీ ఇంగో మాట గూడా అనింది." పెద్దక్క చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "'సువర్ణను ఇడిసిపెట్టండే. అది పోకుంటే నేనూ పోలేకుండా ఉండా,' అనింది. మూడు దినాలుగా నిద్ర పట్టల్యా నాకు. నీకూ వచ్చిందని తెల్సినాక రోంత ధైర్యమొచ్చింది తల్లీ." బస్సు ఎక్కుతూ సువర్ణ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె అట్లా పట్టుకోవడం అదే మొదలు.

తనకు ఏ కలా రాలేదని సువర్ణ చెప్పలేదు. చీకటి పడకముందే ఇంటికొచ్చి, భర్తను వంటింట్లోకి పిలిచి నేర్పింది. ఇన్ని గుళికలు, ఇన్ని నీళ్లు, వేలు ముంచితే ఇంత వెచ్చన. కొత్తగా చేరిన పిల్లలకు నేర్పినట్టే, విసుక్కోకుండా నేర్పింది. వాళ్లలాగే అతనూ ప్రతిదీ రెండుసార్లు అడిగాడు.

సోమవారం పొద్దున ఆమె జడ వేసుకుని, టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుని చెప్పులు తొడుక్కుంటోంది. విజయభాస్కర్ మంచం పక్కన గొంతుక్కూర్చుని, వేలికి రాసుకున్న తిండిని పిల్లి నోటికి అందిస్తున్నాడు. పిల్లి తన ముఖాన్ని అతని ముఖం దగ్గరగా తెచ్చి నోరు తెరిచింది. అతను గబుక్కున తల వెనక్కు తీశాడు.

"ఏందే ఇది, నోట్లోంచి ఇంత వాసనొస్తాంది? ఉచ్చ వాసన మాదిరి. చెడిపోయిందేమో తిండి!"

"తిండి బాగనే ఉండాది. కిడ్నీలు చెడితే నోరు అట్లనే వాసనొస్తాది."

అతను పిల్లిని, ఆమెను మార్చి మార్చి చూశాడు. ఫ్యాక్టరీ బస్సు వీధి చివర హారన్ కొట్టింది. సువర్ణ గడప దాటి, ఒక్కసారి వెనక్కు తిరిగింది.

"మీ యమ్మకు రెండేండ్లు వచ్చిందప్పా ఆ వాసన," అంది. "నీకు తెలీదా?"