ఆయన తిన్నాక

"ఊట ఆయ్తా ఉషా?"

పొద్దున కళ్లాపి చల్లుతూనే భీమక్క గోడ మీదుగా అడిగేది. కన్నడం వాళ్ల పలకరింపే అంత. బాగుండావా అని అడగరు, తిన్నావా అని అడుగుతారు. బళ్లారి నుంచి సిరుగుప్ప పోయే దారిలో కాలువ గట్టున క్యాంపులనే పల్లెలు కట్టుకుని వరి పండించే కోస్తా కుటుంబాలకీ అదే అలవాటైపోయింది. ఉష జవాబు కూడా ఎప్పుడూ ఒకటే.

"ఆయన ఇంకా తినలేదక్కా."

ఆయనంటే మోహన్‌కృష్ణ, ఆమె మొగుడు. సరుకుల ఓడలో వంటవాడు. మొగుడు తిన్నాకే తినాలని ఉషకు పుట్టింట్లో నేర్పి పంపారు. ఇదేం పాడు అలవాటని మీరు తిట్టుకుంటే తప్పు లేదు. సముద్రం మీదున్న మనిషి ఎప్పుడు తిన్నాడో ఎట్లా తెలుస్తుందని మాత్రం బెంగ పెట్టుకోకండి. ఆయన అక్కడ ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇక్కడ ఈమె నాలుక మీదికి ఆ రుచి వచ్చేది. రాగానే లేచి కంచం పెట్టుకునేది. ఒక్కోసారి మిట్టమధ్యాహ్నం, ఒక్కోసారి పాలవాడు కూడా రాకముందే.

నాట్లేసే ఆడవాళ్లకు అదో కాలక్షేపం. "ఏమ్మా, ఇయ్యాళ ఏ దేశం?" అని భీమక్క మొదలుపెట్టేది. ఉష నడుం నిలబెట్టి, కళ్లు మూసుకుని చప్పరించేది. కొరియా రేవులో ఆయన పులిసిన క్యాబేజీ తిన్న రోజు ఆ ఘాటుకు ఈమెకు తుమ్ములు ఆగలేదు. ఆఫ్రికాలో రొట్టెను గుల్ల చేసి లోపల మాంసం కూర పోసిస్తే తిన్నాడు. "మసాలా మనదే, మనవాళ్లెవరో తీసుకుపోయుంటారు" అని ఉష తేల్చేసింది. వియత్నాం పులుసులో ఏదో ఆకు తగిలింది. తులసి కాదు, పుదీనా కాదు. పాపం పొద్దంతా దాని పేరు కోసం కొట్టుకుంది.

"మా ఆయప్ప సండూరు ఇనుప గనులకి లారీ తోల్తాడు. నాకు ఆ రుచి వచ్చింటే నోట్లో ఎర్రదుమ్మేనమ్మా" అని భీమక్క పకపకా నవ్వేది.

అన్నిట్లోకీ ఆయనకు ప్రాణం ఇస్తాంబుల్ చేప. వంతెన పక్కన పడవలోనే చేప కాల్చి, రొట్టె మధ్యన పెట్టి, పచ్చి ఉల్లిపాయ వేసి, నిమ్మకాయ పిండి ఇస్తారట. ఆయన అది మొదటిసారి తిన్నప్పుడు ఉష బట్టలుతుకుతోంది. నోట్లోకి రుచీ, కళ్లలోకి నీళ్లూ ఒకేసారి వచ్చాయి. సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. "ఎంత బాగుండాదో ఉషా, నువ్వు పక్కన లేవని ఏడుపొచ్చింది. ఒకసారి నిన్ను ఈడికి పిల్చుకొస్తా."

ఒక సాయంత్రం పప్పు రుచి రావాల్సిన వేళకు ఉప్పు వచ్చింది. ఒట్టి ఉప్పు, నోటి నిండా. "ఇయ్యాళ మీ కొడుక్కి చెయ్యి జారిందత్తయ్యా" అని ఉష నవ్వుతూ నీళ్లు పుక్కిలించింది. మర్నాడు ఓడ కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తుఫానులో ఓడ మునిగింది. కొందరు దొరికారు, మోహన్‌కృష్ణ దొరకలేదు.

ఆ ఉప్పు తర్వాత ఇంకేమీ రాలేదు. ఉష కంచం ముందు కూర్చోవడం మానేసింది. ఒట్టు పెట్టుకోలేదు, మొండికెయ్యలేదు. ముద్ద గొంతు దిగేదే కాదు. మజ్జిగ నీళ్లతో ప్రాణం నిలబెట్టుకుంది. చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోయేవి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని చెప్పి పంపారు. భీమక్క ఊట ఆయ్తా అని అడగడం మానేసింది.

వారాలు గడిచాక మోహన్‌కృష్ణ అన్న సురేష్ ఇక ఆగలేక, శవానికి బదులు దర్భలతో బొమ్మ చేయించి కాల్చాడు. చిన్నదినం నాడు కాలువ గట్టున ఆకు పరిచారు. అత్త నాంచారమ్మ కొడుక్కి ఇష్టమని గోంగూర, కోడి వేపుడు, బూరెలు అన్నీ వండింది. కాకి ముడితే పోయినవాడు తిన్నట్టే. అది వచ్చి తూము మీద కూర్చుంది గానీ దిగలేదు. "నీ పెళ్లాన్ని మేం చూసుకుంటాం రా" అని సురేష్ చేతులు జోడించి మాటిచ్చాడు. కాకి మొహం తిప్పుకుంది.

దానికేం కావాలో ఉషకు తెలుసు. చెప్పదు. చెప్తే, అది తింటే, ఆ రుచి తన నోటికి వస్తే, ఇంక ఆశ పెట్టుకోడానికేం మిగుల్తుంది? కాకి ముట్టనంత కాలం ఆయన ఉన్నట్టే.

ఇంటికొచ్చాక నాంచారమ్మ ఎదురుగా కూలబడింది. "వానికేం కావాల్నో నీకు తెలుసు."

"ఆయన ఉండాడత్తయ్యా."

"ఉంటే కాకి ముట్టదు, నాకంతకన్నా ఏం కావాల? లేకపోతేనో? లేకపోతే యాడో ఆకలితో తిరుగుతాంటాడు. ఓడనిండా జనానికి వండి పెట్టినోడమ్మా. నువ్వు వానికి అన్నం పెట్టకుండా కూచున్యావు."

ఉష ఆ మాటకు తట్టుకోలేకపోయింది. అన్నాళ్లూ తానే ఆకలితో ఉన్నాననుకుంది.

మర్నాడు భీమక్క మొగుడు బళ్లారి బేకరీలో పొడుగు బన్ను కొనుక్కొచ్చాడు. సురేష్ కాలువ చేప తెచ్చాడు. ఉష దాన్ని బొగ్గుల మీద కాల్చి, ముళ్లు తీసి, ఉల్లిపాయ తరిగి, నిమ్మకాయ పిండింది. గట్టున ఆకులో పెట్టి వెనక్కి జరిగింది. రాకు, రావద్దు, నీకు దణ్ణం పెడతా రావద్దు అని లోపల్లోపల కాకిని బతిమాలుకుంది. ఆమె ఏ దేవుణ్ణీ అంతలా అడగలేదు.

కాకి దిగింది. అటూ ఇటూ చూసింది. బన్ను అంచు పక్కకు తోసి, చేపముక్క లాక్కుంది.

కాలిన చేప. పచ్చి ఉల్లిపాయ. నిమ్మకాయ పులుపు. ఉష నాలుక నిండా వచ్చింది. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

"ముట్టింది, ముట్టింది" అని గట్టు మీద అందరూ చేతులెత్తి మొక్కారు. నాంచారమ్మ నేల మీద పడి ఏడ్చింది. ఉష ఇంటికి నడిచి, కంచం తీసి, మిగిలిన చల్లన్నం పెట్టుకుంది. ముద్ద గొంతు దిగింది. దిగిపోయినందుకు అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో ముద్ద కలుపుకుంది.

వెనకే వచ్చిన భీమక్క గుమ్మంలో ఆగిపోయింది. ఏం అడగాలో తోచక అలవాటైన మాటే అడిగింది.

"ఊట ఆయ్తా ఉషా?"

"ఆయ్తక్కా" అంది ఉష. "ఆయన తిన్యాడు."