మైకమ్మ మెత్తబడింది

నూలుమిల్లు రూటు బస్సెక్కే జనానికి ఆ మధ్య ఒక సంతోషం కలిగింది. కండక్టరమ్మ నోరు మెత్తబడింది. ఆవిడ గొంతుకు జడిసి వాళ్లు పెట్టుకున్న పేరు మైకమ్మ. ఎవరైనా మెట్టు మీద నిలబడితే, "మీ ఇంటి గడప కాదు నాయనా అది, లోపలికి నడువు!" అని బస్సంతా అదరగొట్టేది. అలాంటి మనిషి ఇప్పుడు చేత్తో సైగ చేసి, టికెట్టిచ్చి, ఊరుకుంటోంది.

"మైకమ్మకు మంచితనం పట్టుకుందర్రా!" అన్నాడు కూరల గంప తాత.

"ఎన్నాళ్లుంటుందో చూద్దాం తాతా," అంది పక్క సీటావిడ. బస్సంతా నవ్వింది. మైకమ్మా నవ్వింది.

నవ్వక ఏం చేస్తుంది? మాట నాలుక దాకా వచ్చి జారిపోతోంది. వంతెన అనబోతే నిచ్చెన అని వస్తోంది. ఇంట్లో చెబితే, తాళాలు బాగుచేసే పనిలో ఉన్న భర్త ముందుగా తలుపు దగ్గరగా వేశాడు.

"బయట అనకు. తలలో తేడా అంటే పిచ్చిదని ముద్ర వేస్తారు. కొన్నాళ్లు మాట తగ్గించుకో, అదే సర్దుకుంటుంది."

ఆయన చెడ్డవాడు కాడు. మనలో చాలామందిలాగే జబ్బు కంటే జనం నోటికి ఎక్కువ భయపడ్డాడు, అంతే.

డ్రైవరు మాత్రం నవ్వలేదు. ఒక సాయంత్రం బస్సు ఖాళీ అయ్యాక సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"చెల్లెమ్మా, నన్నొకసారి తిట్టు."

"ఎందుకన్నా?"

"ఇందాక బస్సు గుంతలో దించాను కదా. ఇదివరకైతే నా ఏడు తరాలనూ దులిపేసేదానివి. ఏదీ, తిట్టు."

ఆమె నోరు తెరిచింది. ఒక్క తిట్టూ దొరకలేదు. కన్నీళ్లు వచ్చాయి.

మర్నాడు డ్రైవరే ఆలుమగలిద్దరినీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. మెదడులో ఎడమవైపు, మాటలకు ఆధారమైన చోటికి ఆనుకుని నిమ్మకాయంత గడ్డ ఉందని స్కానింగులో తేలింది. ఆపరేషన్ పద్ధతి వినేసరికి భర్త కుర్చీలోంచి లేచిపోయాడు.

"మెలకువగా ఉంచి తల తెరుస్తారా!"

"పై చర్మానికి మత్తిస్తాం. మెదడుకు నొప్పి తెలీదండీ," అంది డాక్టరమ్మ. "ఆవిడ మాట్లాడుతుంటే సన్నగా కరెంటు తాకించి చూస్తాం. ఎక్కడ తాకితే మాట ఆగుతుందో ఆ చోటు జోలికి పోం. అది అందరికీ ఒకేచోట ఉండదు. ఆవిడ నోరే మాకు దారి చూపాలి."

"మాట పోదు కదా?" అన్నాడు డ్రైవరు.

"పోదని ఒట్టు వేయలేను. పోకుండా ఉండాలనే ఈ పాట్లన్నీ. ఆలస్యం చేస్తే మాత్రం ఆ గడ్డే మాటను పట్టుకుపోతుంది."

"చె... చెయ్యండి," అంది మైకమ్మ.

వాపు తగ్గే మందులతో కాస్త మాట తేరుకున్నాక ఆపరేషన్ మొదలైంది. బస్సు ఆగే స్టాపులు వరసగా చెప్పమంది డాక్టరమ్మ.

"డిపో... పాలకేంద్రం... పాత..."

మాట ఠక్కున ఆగిపోయింది.

"ఇక్కడ ముట్టుకోవద్దు," అంది డాక్టరమ్మ పక్కవాళ్లతో. కరెంటు తీయగానే "...వంతెన!" అని మాట బయటపడింది.

మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ, మళ్లీ. చివరికి మైకమ్మకు ఒళ్లు మండింది.

"ఎన్నిసార్లు తిప్పుతావు తల్లీ ఇదే రూట్లో? అసలు టికెట్టు తీసుకున్నావా?"

గదిలో నవ్వులు. "నన్ను నవ్వించకమ్మా, చెయ్యి కదులుతుంది," అంది డాక్టరమ్మ.

గడ్డ తీసేశారు. మాట నిలిచింది.

వార్డులో ఉండగా భర్తకు అక్కగారి ఫోను వచ్చింది. ఆయన గొంతు తగ్గించి వరండా వైపు నడిచాడు. "గొంతులో చిన్న కాయ అక్కా..."

"ఇలా ఇవ్వండి," అంది మైకమ్మ. "వదినా, గొంతు కాదు. మెదడులో గడ్డ. తీసేశారు. కొన్ని మాటలు ఇంకా వెతుక్కుంటున్నాను. సాధన చేయిస్తున్నారు, వస్తాయట."

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గుసగుసగా, "మీ అన్నయ్యకు కూడా చెయ్యి ఉన్నట్టుండి కొట్టుకుంటోందే. కాసేపు మనిషి లోకంలో ఉండరు. ఎవరితో అనలేదు," అంది ఆడపడుచు.

మైకమ్మ తలకట్టు సర్దుకుంది.

"మెదడు కూడా మన ఒంట్లోదే వదినా. కాలు విరిగితే దాచుకుంటామా? దానికి జబ్బు చేసినా అంతే. సిగ్గుపడి తలుపేసుకుంటే జబ్బే ముదురుతుంది. వెంటనే డాక్టరుకు చూపించాలి."

భర్త ఫోను తీసుకున్నాడు. ఈసారి వరండాలోకి వెళ్లలేదు.

"బావను తీసుకుని పొద్దున్నే వచ్చెయ్ అక్కా. మెదడు డాక్టరు దగ్గరికి నేనే దగ్గరుండి తీసుకెళ్తాను," అన్నాడు, వార్డంతా వినబడేలా.