పందిమూతి అనే మాట

సింకు నిండా బురద. మా ఆయన దెచాంగ్ నిన్న సంతలో తన వీడియో కోసం కెమెరా ముందు ఒక పేద అమ్మకందారు దగ్గర బుట్టెడు తినే వేళ్లు కొన్నాడు. దయ చూపించడం ఆయన వంతు. వాటి పీచు గిల్లి, కడిగి, కుళ్లిపోకుండా కారంలో ఊరబెట్టడం నా వంతు. చేపవాసన కొట్టే ఈ తెల్లటి వేళ్లు లేకుండా మా గుయ్‌జో కొండల్లో ముద్ద దిగదు కాబట్టి, పారేస్తే అత్తగారు ఊరుకోరు.

మేం వీటిని మడతచెవులంటాం. అమ్మిన లాన్‌ష్యూ మాత్రం, "మా లోయలో పందిమూతి అంటామన్నా" అని నవ్వింది. మా ఆయన కెమెరా స్టాండు మడుస్తుంటే నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, నా మొహం చూపించకండి. మా ఆయన వెతుకుతున్నాడు. దొరికితే ఈసారి చంపేస్తాడు."

రాత్రి వీడియో సరిచేస్తూ ఆమె మొహం మసక చేశాను. దెచాంగ్ నా భుజం మీదుగా చూసి, "ఆ పందిమూతి మాట ఉంచు. తెర మీద పసుపు అక్షరాల్లో పెద్దగా వెయ్యి, జనం నవ్వుకుంటారు" అన్నాడు. వేశాను.

ఇప్పుడు నూడుల్స్ తింటూ వీడియో కింద వచ్చిన కామెంట్లు ఫోన్లో చూసి పైకి చదువుతున్నాడు.

"ఇది విన్నావా? 'పందిమూతి మా లోయ మాట. ఆ గొంతు మా ఆవిడది. ఏ ఊరి సంత?' అంటున్నాడు ఎవడో."

"చెప్పకండి."

"చెప్పేశానుగా. బస్సెక్కాడట. మధ్యాహ్నానికి వచ్చేస్తాడు. విడిపోయిన మొగుడూ పెళ్లాలు, సంత మధ్యలో. ఇంతకంటే ఏం కావాలి?"

"ఆమె పారిపోయి వచ్చిందండీ. కొడతాడట."

"కెమెరా ముందు ఎవడు కొడతాడే? అన్నీ పిచ్చి భయాలు నీకు."

అత్తగారు గిన్నె ఎత్తి పులుసు తాగింది. "పది గుళ్లు కూల్చినా ఫర్వాలేదు, ఒక కాపురం కూల్చకూడదన్నారు పెద్దలు. నువ్వు వేళ్ల సంగతి చూడు."

కెమెరా ముందు ఎవడు కొడతాడు. కెమెరా లేనప్పుడు, అనే సగం ఆయన నోట రాలేదు, నా బుర్రే పూరించుకుంది. ఈ ఇంట్లో ప్రతి మాటకీ మిగతా సగం పూరించేది నేనే. ఆయన "ఊఁ" అంటే అది ఏ ఊఁ అయి ఉంటుందో, తలుపు పడిన చప్పుడును బట్టి ఆ సాయంత్రం ఎంత మెల్లగా నడవాలో, ఇవన్నీ నాకు ఎవరూ నేర్పలేదు, నా ఒళ్లు నేర్చుకుంది. వీడియోల కింద "మా ఆయన మనసు వెన్న" అని రాసేటప్పుడు కూడా వేళ్లు తప్పు పోకుండా చూసుకుంటాను. ఇప్పుడు ఆ ఒళ్లే, ఎవరో ఒక మగవాడు బస్సులో కూర్చుని కొండ మలుపులు దాటుతున్నాడని, నా మీదికే వస్తున్నాడని చెబుతోంది. కాదు, ఆమె మీదికి అని సర్దిచెప్పుకున్నాను. ఒళ్లు వినలేదు.

ఉప్పు అయిపోయిందని చెప్పి బయటపడ్డాను. మెట్ల మీదే ఫోన్లోంచి ఆ వీడియో చెరిపేశాను. ఆయనకు తెలియడానికి ఎంతోసేపు పట్టదు.

లాన్‌ష్యూ ఇవాళ కూడా సంతలో తన చోటే కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. చెప్పాను. తిట్టలేదు, ఏడవలేదు. తన బుట్టను పక్క కొట్టు ముసలమ్మకు అప్పజెప్పి, డబ్బాలోని చిల్లర జేబులో వేసుకుని బస్‌స్టాండు వైపు నడిచింది. వెనకే నేను. నా ఏప్రాన్ జేబులో ఫోన్ మోగింది, ఆగింది, మళ్లీ మోగింది.

"ఆయనేనా?"

"ఊఁ."

"కొడతాడా అక్కా?"

"లేదు. ఎప్పుడూ చెయ్యెత్తలేదు."

ఆమె నా చేతుల వంక చూసింది. "మరి ఎందుకలా వణుకుతున్నారు?"

అప్పుడే పట్నం వెళ్లే బస్సు వచ్చింది. టికెట్లిచ్చే ఆవిడ తలుపులోంచి వంగి, ఎంతమందని అడిగింది. లాన్‌ష్యూ ఒక వేలు చూపించబోయింది.

"ఇద్దరం," అన్నాను.