రెండో బూరె

ఇబ్రహీంపట్నంలో కనకలక్ష్మి అద్దెకుంటున్న ఇంటికి ఆ భాద్రపదంలో ఈగలు దండెత్తి వచ్చాయి. కాఫీ గ్లాసు మీద ఈగ, దేవుడి పటం మీద ఈగ, కునుకు పడితే కంటి మీద ఈగ. పక్కింటి సంజీవరావుగారు గోడ మీంచి తల పెట్టి, "మీ దొడ్లో ఏదో చచ్చిందండీ, అన్నం తినలేకపోతున్నాం," అని రెండుసార్లు చెప్పారు. మర్యాదస్తుడు కాబట్టి రెండుసార్లే.

కనకలక్ష్మికి ఈగల ధ్యాసే లేదు. భర్త తిరుపతిరావు పోయి నెలయింది. వరలక్ష్మీ వ్రతం నాడు ఆయన ఒక బూరె తిని రెండోదానికి చెయ్యి చాపితే, "షుగరు పెట్టుకుని ఏం తిండండీ అది?" అని పళ్ళెం లాగేసుకుంది. ఆయన చిన్నబుచ్చుకుని లేచిపోయాడు. తెల్లారేసరికి గుండె ఆగిపోయింది. పదో రోజున కృష్ణ ఒడ్డున పిండం పెడితే, ఆ ముసురులో ఒక్క కాకీ దిగలేదు. రెండు గంటలు చూసి పంతులుగారు పిండాన్ని నీళ్ళలో వదిలేశారు. బూరె పెట్టనందుకే ఆయన అలిగాడని కనకలక్ష్మికి రూఢి అయిపోయింది.

అప్పట్నుంచీ రోజూ గుప్పెడు శనగపప్పు ఉడకబెట్టి, బెల్లం కలిపి, ఆయన అడిగిన ఆ రెండో బూరె వేయించి, విస్తరాకు ముక్కలో దొడ్డిగోడ మీద పెడుతోంది. స్నానం చేసి వచ్చేసరికి గోడ ఖాళీ. తిన్నాడు! ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ ఇన్నాళ్ళూ బతికింది.

ఒక రోజు పనిమనిషి తెరేసమ్మ అంట్లు తోముతూ చటుక్కున లేచింది. నీళ్ళ తొట్టి వెనకనుంచి తెల్లటి పురుగులు గచ్చు మీదికి పాకి వస్తున్నాయి. తొట్టికీ గోడకీ మధ్య జానెడు సందులో చీపురుతో గెలికితే గుప్పున ఈగలు లేచాయి. లోపల కుళ్ళిన ఆకులు, ఆకుల్లో బూరెలు, బూరెల నిండా పురుగులు. పూర్ణం ముద్ద ముద్దంతా కదులుతోంది.

"అమ్మగారూ, ఇయ్యన్నీ మీ బూరెలే! గోడ ఇటు వొరిగుంది గదా, గాలికి జారిపోయినట్టున్నాయి."

కనకలక్ష్మి వంగి చూసింది. ఒక్కటీ తినలేదు. "నా మీద కోపం పోలేదే తెరేసమ్మా," అంది. ఏడుపు కూడా రాలేదు.

చర్చికెళ్ళే తెరేసమ్మకు కాకులతో పని లేదు. అయినా తలెత్తి అటూ ఇటూ చూసింది. "కోపం కాదమ్మా. అదిగో, అది ఏలాడుతుంటే కాకులెట్టా వస్తాయి?"

గోడ మూల కర్రకి నల్లగుడ్డ. వేసవిలో కనకలక్ష్మి వడియాలను కాకులు ఎత్తుకుపోతున్నాయని తిరుపతిరావు తన మంచి గొడుగునే కోసి, చచ్చిన కాకిలా రెక్కలు వేలాడేటట్టు కట్టాడు. "ఇక నీ వడియం మీద ఒక్క కాకి వాలితే నన్నడుగు," అని రోజంతా మురిసిపోయాడు. రోజూ కళ్ళముందే ఊగే ఆ గుడ్డను ఆవిడ చూడడమే మానేసింది.

"నా వడియాల కోసం ఆయనే కట్టి, ఆయనే రాలేకపోయారే!"

తెరేసమ్మ కత్తి తెస్తానంటే వద్దంది. పీట ఎక్కి, వానకి బిగిసిన ఆయన ముడిని గోళ్ళతోనే విప్పింది. ఈలోగా తెరేసమ్మ సందులో మరిగే నీళ్ళు పోసి, సున్నం చల్లి, కుళ్ళంతా ఎత్తి గొయ్యిలో పూడ్చింది.

మర్నాడు కనకలక్ష్మి పళ్ళెం నిండా బూరెలు వండింది. ఒకటి ఆకులో పెట్టి, ఆకు జారకుండా రాయి ఉంచి, పళ్ళెంతో పక్కకి తప్పుకుంది. కాకి వచ్చింది. బూరె ఎత్తుకుపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, ఆవిడ చేతిలోని పళ్ళెం వంక చూస్తూ గోడ మీద కూర్చుంది.

"చాలండీ, షుగరు..." అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

కనకలక్ష్మి నోరు నొక్కుకుంది. పళ్ళెం మొత్తాన్నీ గోడ మీద పెట్టేసి, గచ్చు మీద కూలబడి, ఆయన పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చింది.